నలుపు తెలుపు బొమ్మకు రంగుల శుభం

మా ముత్తాత చోరనూరు చుట్టుపక్కల ఏడు ఊళ్ళకు శిస్తు వసూలు చేసిన మనిషి. ఆయన గుర్రం మీద వస్తుంటే దారిలో ఉన్నవాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకునేవారట. అది గొప్పగా చెప్పుకోవలసిన విషయమేనా అన్న అనుమానం నాకు చాలా ఆలస్యంగా కలిగింది. మా తాత ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందీ రోజున తహసీల్దారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ కుర్చీ కూడా మా ఇంటి నుంచే వెళ్ళేది. మా నాయన కాలానికి పొలాలు చాలావరకు కరిగిపోయాయి. మిగిలినదాంతో ఆయన కూరెకుప్పకు కొద్ది దూరంలో ఉన్న మా ఊళ్ళో సినిమా థియేటర్ కట్టాడు. మమ్మల్ని ఊళ్ళో 'దణీ' అని పిలిచేవారు. యజమానిని పిలిచే ఆ కన్నడ మాట మా ఇంటి మగవాళ్ళకు పేరులాగా అంటుకుపోయింది.

థియేటర్ ముందు మా నాయన ఒక ఇనుప బోర్డు రాయించాడు. తెలుగులో ఒక వరుస, కన్నడంలో ఒక వరుస. 'ఇక్కడ బొమ్మ ఒక్క అడుగు కూడా కత్తిరించం.' ఆ రోజుల్లో చిన్న ఊళ్ళ థియేటర్లలో ఆఖరి బస్సు వేళకు ఆట ముగించడానికి రెండు పాటలు, ఒక ఫైటు ఎగరగొట్టడం మామూలు. మా దగ్గర అది లేదు. బస్సు తప్పినవాళ్ళు మా వసారాలో పడుకున్నారే గాని బొమ్మ మాత్రం పూర్తిగా చూశారు. దూరపు ఊళ్ళ వాళ్ళు కూడా ఆ బోర్డును నమ్మి వచ్చేవారు.

ఆ బోర్డును అబద్ధం చేసినవాణ్ణి నేనే. నలభై ఏళ్ళకు పైగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్య ఒక దర్శకుడు ఒక పాత సినిమాను మళ్ళీ తీయడంతో చెప్పక తప్పలేదు. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు చదువుతారని దీన్ని రాస్తున్నాను. పేర్లు రాయను. ఉన్నవాళ్ళకు ఇబ్బంది, పోయినవాళ్ళను అడిగే వీలు లేదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బళ్ళారిలో బీఏ ముగించి, నాయన తరఫున థియేటర్ వ్యవహారం చూసుకోవడానికి వచ్చాను. ఇస్త్రీ చొక్కా, మడత నలగని ధోవతి, నిటారైన వెన్ను. నాకు తెలిసిన పని అంతే. ఆ ఏడు ఒక విచిత్రమైన తెలుగు సినిమా వచ్చింది. నలుపు తెలుపు బొమ్మ. పల్లెటూరి బడిపంతులు ఒకడు, చుక్కల్లోంచి దిగిన వాహనం ఎక్కి వేరే లోకానికి పోతాడు. భార్య లాంతరు పట్టుకుని మిద్దె మీద నిలబడి ఉంటుంది. వాహనం పైకి లేస్తుంది, లాంతరు చిన్నదైపోతుంది.

దాని తర్వాత ఇంకొక రీలు ఉంది. అందులో పంతులు తిరిగి వస్తాడు. అతనికి గడిచినవి నాలుగు రోజులు, ఊరికి గడిచినవి అరవై ఏళ్ళు. అతని ఇంట్లో ఎవరో కాపురం ఉంటారు. వీధి అరుగు మీద ముసలిదైపోయిన భార్య కూర్చుని ఉంటుంది. అతన్ని చూసి, ఎవరి మనవడో అనుకుని, మా పంతులు పోలికలున్నాయే అని, మంచినీళ్ళిచ్చి పంపేస్తుంది. ఆ రీలు వల్లనే ఆ సినిమాను ఇప్పటికీ గొప్ప సినిమా అంటారు. నేను కాల్చింది ఆ రీలునే.

ఇప్పుడు సినిమా అరచేతిలో పట్టే పెట్టెలో వస్తుంది, బటన్ నొక్కితే ఆడుతుంది. అప్పుడు రైలు పార్శిల్లో, రేకు డబ్బాల్లో వచ్చేది. విడుదల రోజు పొద్దున్నే ఆపరేటర్ ఒక్కొక్క రీలు ఎక్కించి సరిచూసుకునేవాడు. మా ఆపరేటర్ నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. సాయిబు. మాటలు తక్కువ. ప్రొజెక్టర్ పక్కన మూడు కాళ్ళ స్టూలు మీద కూర్చుని, ఎడమ చెయ్యి కింది చక్రం మీద వేసి, కుడి చేత్తో కార్బన్ కడ్డీలు సర్దుతూ ఉండేవాడు. ఆ కడ్డీలు రెండూ ఎదురెదురుగా మండితేనే తెర మీద వెలుగు. అరిగిపోయిన కడ్డీ తుండును తీసి పక్కనున్న ఇసుక డబ్బాలో పడేయాలి. అది నిప్పు. ఆ ఇసుక డబ్బా నాకు చెత్తడబ్బాలా కనిపించేది. ప్రొజెక్టర్ బూత్ శుభ్రంగా ఉండాలని చెప్పి దాన్ని అంతకు ముందు రోజే మెట్ల మీద పెట్టించాను.

ఆ పొద్దున నేను ఇద్దరు చుట్టాలను వెంటబెట్టుకుని బూత్‌లోకి వెళ్ళాను, మా మిషన్లు చూపిద్దామని. ఆఖరి రీలుకు ముందు రీలు ఆడుతోంది. ఆపరేటర్ లేవలేదు. తల తిప్పలేదు. చుట్టాలు నా ముఖం చూశారు.

"పెద్దవాళ్ళు వస్తే లేచే అలవాటు లేదా నీకు?" అన్నాను.

ఆయన తెర మీంచి చూపు తీయలేదు. "దణీ, నేను లేస్తే బొమ్మ కూకుంటాది," అన్నాడు.

చుట్టాలు నవ్వారు. ఆయన మీద నవ్వారో, నా మీద నవ్వారో ఆలోచించే తెలివి నాకు లేదు. "నువ్వు లేకుంటే బొమ్మ ఆడదా ఏంది? బయటికి పో," అన్నాను.

ఆయన రీలు అయిపోయేదాకా కదలకుండా కూర్చున్నాడు. తర్వాత లేచి రెండో మిషన్‌కు ఆఖరి రీలు ఎక్కించాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని, గుడ్డ మడిచి స్టూలు మీద పెట్టాడు. "ఎక్కించి పెట్టినా. చూసుకో దణీ," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చుట్టాలు కూడా, కాఫీ తాగాలని గుర్తొచ్చి, ఆయన వెనకే దిగిపోయారు.

ఆపరేటర్ చేసేది నేను చాలాసార్లు చూశాను. మోటారు వేయడం, కడ్డీలు అంటించడం వచ్చు. వేశాను. తెర మీద బొమ్మ వచ్చింది. నాకు ఎంత గర్వమైందో చెప్పలేను. కిటికీలోంచి తెరనే చూస్తూ నిలబడ్డాను. నాకు తెలియని సంగతి ఒకటుంది. రెండు మిషన్లలోనూ ఆడిన ఫిల్మును చుట్టుకునే కింది చక్రానికి బెల్టు వదులైపోయింది. కాసేపటికొకసారి చేత్తో తోస్తేనే తిరుగుతుంది. ఆయన ఎడమ చెయ్యి అక్కడ ఊరికే ఉండేది కాదు. నేను తెర చూస్తున్నంతసేపూ ఫిల్ము చక్రానికి చుట్టుకోకుండా నా కాళ్ళ దగ్గర కుప్ప పడుతూ వచ్చింది. ఇంతలో వెలుగు తగ్గింది. కార్బన్ మార్చాలని తుండును పటకారుతో తీసి, అలవాటుగా ఆయన పడేసే చోటే పడేశాను. అక్కడ డబ్బా లేదు. ఫిల్ము ఉంది.

పొగ వాసనకు కిందికి చూశాను. తొక్కి ఆర్పాలనుకుని ఇంకా చుట్టుకున్నాను. రెండు కాళ్ళకూ ఆ పంతులి కథంతా చుట్టుకుని, నేను బూత్ మధ్యలో కదల్లేకుండా నిలబడి ఉన్నాను. అప్పుడు మెట్ల మీద ఆపరేటర్ అడుగుల చప్పుడైంది. ఎదురు హోటల్లో టీ తాగుతూ బూత్ కిటికీలోంచి పొగ చూశాడట. మెట్ల మీది ఇసుక డబ్బా తెచ్చి కుమ్మరించాడు. "పక్కకు జరుగు," అన్నాడు. ముప్పై ఏళ్ళ మా పరిచయంలో ఆయన 'దణీ' అనకుండా నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే.

నిప్పు ఆరింది. మిగిలింది బెల్లం పాకంలా గట్టిపడిన నల్లటి ముద్ద. ఆయన దాన్ని చెప్పుతో కదిపి చూసి, మిషన్లో ఇరుక్కున్న నాలుగడుగుల ముక్క తీసి, వెలుగుకు పట్టి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

"నాయనకు చెప్పి ఆట ఆపేయిస్తాను," అన్నాను.

"గనుల నుంచి మూడు లారీల జనం వచ్చినారు. టికెట్లు తీసుకుని వరండాలో కూకున్నారు. ఏమని చెప్తావ్ దణీ?"

"మరి బోర్డు ఉండాదే."

"బోర్డు బయట ఉండాది దణీ. జనం లోపల ఉండారు," అన్నాడు.

ముందు వారం ఆడిన భక్తి సినిమా డబ్బాలు ఇంకా పార్శిల్‌కు వెళ్ళలేదు. అది రంగుల బొమ్మ. ఆయన దాని ఆఖరి రీలు తీసి, చివరన 'శుభం' ఉన్న ముక్క కోశాడు. ఒక పెద్ద తామరపువ్వు మెల్లగా విచ్చుకుంటుంది, మధ్యలోంచి బంగారు రంగు అక్షరాలు లేస్తాయి, వెనక గుడిగంటలు మోగుతాయి. దాన్ని తెచ్చి, లాంతరు చిన్నదైపోయే చోట అతికించాడు. ఆ భక్తి సినిమా తర్వాతి ఊళ్ళో శుభం లేకుండానే ముగిసి ఉంటుంది. ఆ పాపం కూడా నాదే.

అతికిస్తూ ఒక మాట అన్నాడు. "చక్రం బెల్టు జారతాది దణీ. చేత్తో తోస్తా ఉండల్ల. అందుకే లేయలేదు."

"ముందే చెప్పొచ్చు గదా?"

"నువ్వు అడిగినావా దణీ?" అన్నాడు.

ఆట మొదలైంది. నేను వెనక తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాను. వాహనం లేచింది. లాంతరు చిన్నదైంది. అంతవరకూ బూడిదలా ఉన్న తెర మీద ఒక్కసారిగా గులాబీ రంగు తామర విచ్చుకుంది. గంటలు మోగాయి. లైట్లు వేశాక కూడా జనం కాసేపు కూర్చునే ఉన్నారు. తర్వాత నా పక్కనుంచి పోతూ ఒకాయన తోటివాడితో, "చూసినావా, ఆ లోకంలో రంగులుంటాయంట. మన లోకంలోనే లేవు," అన్నాడు. ఆయన తల నుంచి కాళ్ళదాకా గనుల ఎర్రదుమ్ము ఉంది.

బాల్కనీలోంచి మా నాయన దిగి వచ్చాడు. "ముగింపు బాగా తీసినాడు," అన్నాడు. నేను "అవును నాయనా" అన్నాను. ఆయన పోయేదాకా ఆ మాట దిద్దలేదు.

పంపిణీ కంపెనీ తరఫున వచ్చిన ప్రతినిధి మా ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చునేవాడు. ఏ ప్రతినిధీ ఏ సినిమా ఆఖరి రీలూ చూడగా నేను ఎరగను. ఆ సినిమా మిగతా ఊళ్ళలో నాలుగు రోజులకే లేచిపోయింది. జనం ఏడుస్తూ బయటికి వచ్చారట. మా ఊళ్ళో వారాల తరబడి ఆడింది. పంపిణీ ఆఫీసు తొందరలోనే మూతపడింది. ప్రింటు అడిగేవాళ్ళు లేక మా దగ్గరే ఉండిపోయింది. ప్రతి వేసవిలో ఒక వారం దాన్ని వేసేవాళ్ళం. తోరణగల్లు నుంచి, కుడతిని నుంచి, సండూరు గనుల నుంచి పిల్లలను ఎత్తుకుని వచ్చేవారు. ఎప్పుడూ ఆఖరు రంగుల్లోనే. ఈ పక్క పల్లెల్లో పెరిగిన ఒక తరానికి ఆ సినిమా అంటే అదే.

తర్వాత మా పొలాలు పూర్తిగా పోయాయి. మా నాయన పోయిన రెండేళ్ళకు థియేటర్‌ను బళ్ళారి బజారు వ్యాపారి ఒకాయన కొన్నాడు. తెలుగువాళ్ళే, తరాలుగా బట్టల వ్యాపారం. ఆయన నన్ను మేనేజరుగా ఉండమన్నాడు. నాకు వేరే పని చేతకాదు. ఉన్నాను. మా నాయన కట్టిన గదిలో, ఈ కొత్త యజమాని లోపలికి వస్తే నేను లేచి నిలబడాలి. మొదటి రోజు లేచాను. "కూకోండి దణీ," అన్నాడు ఆయన, నిజమైన గౌరవంతోనే. అది ఇంకా కష్టమనిపించింది. ఆ సాయంత్రం బూత్‌కు వెళ్ళాను. ఆపరేటర్ స్టూలు మీద ఉన్నాడు, చెయ్యి చక్రం మీద ఉంది. లేవలేదు. నేను పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. చాలాసేపయ్యాక, "యాడైనా కూకో దణీ, కాళ్ళు నొస్తాయి," అన్నాడు. కూర్చోవడానికి ఇసుక డబ్బా తప్ప ఏమీ లేదు. దాని మీదే కూర్చున్నాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కలిసి పనిచేశాం. కాలిన రీలు మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఆయన చనిపోయాక వాళ్ళ ఇంటివాళ్ళు నాకు ఒక రేకు డబ్బా తెచ్చి ఇచ్చారు. అందులో ఆ నల్లటి ముద్ద, ఆ నాలుగడుగుల ముక్క ఉన్నాయి. నేను దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఇక ఈ మధ్య జరిగింది.

మా పక్క గనుల ఊళ్ళో పుట్టిన ఒకతను హైదరాబాదులో దర్శకుడయ్యాడు. యాభై ఏళ్ళుంటాయి. అతను ఆ పాత సినిమాను మళ్ళీ తీశాడు. మొత్తం నలుపు తెలుపు. ఆఖరున వాహనం లేస్తుంది, లాంతరు చిన్నదవుతుంది, అప్పుడు తెరంతా రంగులు. తామర విచ్చుకుంటుంది. అంతే. పంతులు తిరిగి రాడు.

గొడవ మొదటి రోజే మొదలైంది. థియేటర్ల బయట ఫోన్లు పట్టుకున్న పిల్లలు, వచ్చినవాళ్ళ నోటి ముందు మైకులు. కళాఖండం తలకాయ తీసేసి తామరపువ్వు పెట్టాడని ఒకడు. ఆఖరి పదిహేను నిమిషాలు ఎక్కడ దాచావని ఒకడు. పాత సినిమాను పుస్తకంలా కంఠస్థం చేసిన అభిమానులున్నారని నాకు అప్పుడే తెలిసింది. సగం మంది పాతికేళ్ళ లోపువాళ్ళు. దాన్ని ఫోన్లో తప్ప ఎక్కడా చూసి ఉండరు. అయినా వాళ్ళ కోపం నిజమైనదే. తమ ఇంటి గోడ ఎవరో పడగొట్టినట్టు మాట్లాడారు. ఆ బాధ నాకు తెలుసు, అందుకే వాళ్ళ మీద నవ్వలేకపోయాను.

దర్శకుడు ఒక ఇంటర్వ్యూలో, "మా ఊళ్ళో అట్లే చూసినాం. ఆఖరు రంగుల్లోనే ఉండేది," అన్నాడు. అక్కడ ఇరుక్కున్నాడు. సినిమాల చరిత్ర రాసే పెద్దాయన ఒకరు, ఆ సినిమాకు ఒకే ఒక నెగటివ్ ఉందని, రంగు ముగింపు ఎప్పుడూ లేదని, ఈ దర్శకుడు ఏదో విదేశీ సినిమా నుంచి ఆలోచన ఎత్తుకుని ఊరి కథ అల్లాడని రాశారు. దొంగ అన్న మాట మొదలైంది. 'మా ఊళ్ళో అట్లే' అన్నది ఎగతాళి మాటైపోయింది. మా ఊళ్ళో ఇద్దరు సూర్యుళ్ళు, మా ఊళ్ళో అట్లే. మా ఊళ్ళో ఆవులు పెరుగిస్తాయి, మా ఊళ్ళో అట్లే. ఇది ఆ దర్శకుడితో ఆగలేదు. ఇక్కడి నుంచి బెంగళూరు, హైదరాబాదు పోయి పనిచేసే పిల్లలందరినీ అలా ఏడిపించడం మొదలుపెట్టారు.

మా వైపు మాత్రం పండగ. కుడతిని కరెంటు ప్లాంటులో పనిచేసే ఒకతను సినిమా చూసి బయటికి వచ్చి మైకులో, "రంగు వచ్చింది చూడప్పా. మా నాయన చెప్పినట్లే వచ్చింది," అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను.

దర్శకుడు మా థియేటర్‌కు వస్తున్నాడని తెలిసింది. ఇప్పటి యజమాని, మా థియేటర్ కొన్నాయన కొడుకు, మా ఇంటికి వచ్చాడు.

"దణీ, స్టేజి మీద రెండు మాటలు చెప్పల్ల మీరు. పాత డైరెక్టర్ మన బోర్డు సంగతి విని, ఈ థియేటర్ కోసమని రంగు ముగింపుతో స్పెషల్ ప్రింటు పంపినాడని. మీ నాయన పేరు రెండు రాష్ట్రాల్లో మోగిపోతాది."

"అది నిజమని నీకెవరు చెప్పినారు?"

"నిజం కాకుంటే ఆ రంగు యాడ నుంచి వచ్చినట్ల?" అన్నాడు. అతనికి తెలిసిన దారి అదొక్కటే. అతను అబద్ధం ఆడమనలేదు, నమ్మినదే చెప్పమన్నాడు.

చూస్తానన్నాను. నిజం చెప్పాలంటే ఆ కథ నాకు బాగానే ఉంది. మా బోర్డు నిలబడుతుంది, మా నాయన పేరు నిలబడుతుంది, దర్శకుడు దొంగ కాకుండా పోతాడు. కాదనగలిగినవాళ్ళలో బతికున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

నా భార్య అన్నం వడ్డిస్తూ, రేపు ఏం మాట్లాడతారని అడిగింది. ఎందుకో ఆమెకు మొత్తం చెప్పేశాను. బీరువా తెరిచి డబ్బా చూపించాను. ఆమె ఆ ముద్దను వేలితో తట్టి చూసింది.

"ఇంతేనా?" అంది. "ఇన్నేండ్లు ఆ తాళం మీ మొలతాడుకే కట్టుకుంటే, ఎవరో ఆడమనిషి సంగతేమో అనుకున్నా."

"ఇది చిన్న విషయమా? బోర్డు..."

"మీ తాత కుర్చీ పోయింది. మీ నాయన థియేటర్ పోయింది. ఇంక పోయేదానికి మన దగ్గర ఏముండాదని దాస్తాండారు? ఆ పిల్లోన్ని దొంగ అంటాండారు ఆడ. చెప్పేయండి."

మరునాడు పొద్దున పదకొండుకు సభ. నేను డబ్బాను గుడ్డసంచిలో వేసుకుని వెళ్ళాను. దర్శకుణ్ణి ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. సన్నగా ఉన్నాడు, నిద్రలేని కళ్ళు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను కూర్చోమన్నాను.

"సార్, అప్పుడు మేనేజరు మీరేనంట గదా," అన్నాడు. "ఒక్క మాట అడగాల. తామరపువ్వు, గంటలు, ఆ గులాబీ రంగు, ఇవన్నీ నేను చూసినానా, కల గన్నానా? వాళ్ళు అంటా ఉంటే నా మీద నాకే అనుమానం వస్తాండాది. మా అమ్మ పక్కన కూకోని చూసినా. ఆమె ఇప్పుడు లేదు. ఇంకెవర్ని అడగాలో తెలీలేదు."

నోరు తెరిచాను. అప్పుడే యజమాని పూలదండతో లోపలికి వచ్చి, టైమైందని ఇద్దర్నీ లేపాడు.

స్టేజి తెర ముందే వేశారు. హాలు నిండింది. మా నాయన బోర్డును బయటి నుంచి విప్పి తెచ్చి, దానికీ ఒక దండ వేసి, స్టేజి మీద నిలబెట్టారు. యజమాని స్పెషల్ ప్రింటు కథ చెప్పాడు. చప్పట్లు. మైకు నాకిచ్చాడు.

నేను వెన్ను నిటారుగా పెట్టుకున్నాను. అది చిన్నప్పటి అలవాటు, ఆ రోజు పనికొచ్చింది. "స్పెషల్ ప్రింటు రాలేదు," అన్నాను. తర్వాత ఆపరేటర్ లేవకపోవడం, నేను పొమ్మనడం, బెల్టు, ఇసుక డబ్బా, భక్తి సినిమా శుభం, అన్నీ వరుసగా చెప్పాను. దాచినవాణ్ణి నేనని చెప్పాను. "ఈయన దొంగ కాడు, అబద్ధం ఆడలేదు. మీరంతా చూసిందే ఈయనా చూసినాడు," అని డబ్బా మూత తీసి ఎత్తి చూపించాను. అందులోని నాలుగడుగుల ముక్క పైకి తీశాను. అరుగు మీద ముసలమ్మ, చేతిలో నీళ్ళ చెంబు. వెలుగుకు పడితే ఇంకా కనిపిస్తుంది.

యజమాని నా వైపు కాకుండా బోర్డు వైపు చూస్తున్నాడు. ఈ వయసులో ఈ ఊళ్ళో తల ఎత్తుకోలేనన్న మాట స్పష్టంగా మనసులోకి వచ్చింది.

ముందు వరుసలోంచి ఒక ముసలామె లేచింది. గనుల్లో రాయి కొట్టి బతికిన మనిషని చేతులే చెబుతున్నాయి.

"ఓ దణీ, అయితే ఆ పంతులు తిరిగొచ్చినాడా?"

"వచ్చినాడమ్మా."

"పెండ్లాము ఉన్నిందా?"

"ఉన్నింది. ముసలిదైపోయింది. గుర్తు పట్టలేదు."

"నేను ఆ బొమ్మ ఏడు తూర్లు చూసినా. ప్రతి తూరీ, వస్తాడులే అనుకోని ఇంటికి పోయి పనికి లేసినా. నువ్వు కాల్చకుంటే ఒక్క తూరే చూసుంటా," అంది. కూర్చోబోయి మళ్ళీ ఆగింది. "అయినా ఆ సాయిబుని బయటికి పొమ్మనింది తప్పే దణీ."

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో నేను కూడా ఉన్నానని కొంచెం ఆలస్యంగా తెలిసింది. దర్శకుడు వచ్చి డబ్బా అందుకున్నాడు. ముద్దను వాసన చూశాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

"ఆ శుభం ఏ బొమ్మది సార్?" అని అడిగాడు.

"భక్తి సినిమాది."

"అయితే తెలీకుండా దేవుణ్ణి కూడా మళ్ళీ తీసినానన్నమాట," అన్నాడు. మైకు పక్కకు జరిపి, నాకొక్కడికే వినపడేలా, "కల కాదు సార్. అది చాలు," అన్నాడు. అతని ముఖం విప్పారడం నేను దగ్గరగా చూశాను. నా మొలతాడు కూడా తేలికైంది.

ఆ సభలో జనం ఫోన్లలో తీసిన వీడియో వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది. అభిమానులు శాంతించారని చెప్పను. కాలిన రీలును రీమేక్ చేసిన మొదటి దర్శకుడని ఇప్పటికీ తిడుతున్నారు. అది తిట్టే, కానీ అందులో దొంగ అన్న మాట లేదు. చరిత్ర రాసే పెద్దాయన నాకు ఫోన్ చేసి పావుగంట చీవాట్లు పెట్టారు. కళాద్రోహి అన్నారు. ఒప్పుకున్నాను. ఆఖరున గొంతు తగ్గించి, ఆ డబ్బా తమకు ఇస్తారా అని అడిగారు. ఇవ్వనన్నాను. 'మా ఊళ్ళో అట్లే' అని ఇప్పుడు మా పిల్లలే చొక్కాల మీద అచ్చు వేయించుకుని తిరుగుతున్నారు.

దర్శకుడు నా పేరు సినిమాలో వేస్తానన్నాడు. వద్దని ఆపరేటర్ పేరు ఇచ్చాను. తామర విచ్చుకున్నాక, శుభం కంటే ముందు, ఇప్పుడు ఆ పేరు వస్తుంది. ఇక్కడ రాయలేదు గనుక అక్కడ చూడండి. ఆయన మనవరాలు కుటుంబాన్నంతా వెంటబెట్టుకుని వచ్చి చూసింది. ఆ పేరు వచ్చినప్పుడు నేను వెనక తలుపు దగ్గర లేచి నిలబడ్డాను.

డిజిటల్ మిషన్ వచ్చిన ఏడాదే పాత ప్రొజెక్టర్లు రెండింటినీ హొసపేట పాత ఇనుము వ్యాపారికి తూకానికి అమ్మేశారు. ఆయన కూర్చునే మూడు కాళ్ళ స్టూలు కూడా ఆ లారీలోనే పోయింది.